వరస కలిస్తేనే ఇడ్లీ

మా భవానీదేవి అత్తయ్య వరస కలపనిదే ఎవరికీ ఇడ్లీ పెట్టదు.

అంతర్వేదిలో బస్సు దిగి గుడికి వెళ్ళే దారిలో ఆవిడ టిఫిన్ హోటల్ ఉంది. హోటల్ అంటే ఒక కొబ్బరాకుల పందిరి, దాని కింద బల్లలు, ఒక గ్యాస్ పొయ్యి. మీరు ఆకలితో వచ్చి కూర్చుంటారు. ఆవిడ ఇడ్లీపాత్ర మూత మీద చెయ్యి వేసి నిలబడుతుంది. తియ్యదు. ముందు మీ ఊరేదని అడుగుతుంది. తర్వాత ఇంటిపేరు. ఆ తర్వాత మీ అమ్మగారి పుట్టిల్లు. అన్నీ చెప్పాక కళ్ళు మూసుకుంటుంది. పెదాలు కదులుతుంటాయి. మలికిపురం, రాజోలు, కొత్తపేట, రామచంద్రపురం దాకా ఎవరెవరి ఇళ్ళలోకో మనసులోనే దూరి, బయటికొచ్చి, కళ్ళు తెరిచి, "అయితే నువ్వు నాకు తమ్ముడివి అవుతావు" అని మూత తీస్తుంది. ఆవిరి మీ మొహానికి తగిలే వేళకి మీరు ఆవిడ తమ్ముడైపోయి ఉంటారు. ఇక అక్కణ్ణుంచి అండీలు ఉండవు. "ఆ చట్నీ ఎవరికోసం వదిలేసేవురా" అంటుంది.

ఒకసారి హోటళ్ళు తనిఖీ చేసే ఆఫీసరుగారు జీపులో వచ్చారు. సాంబారు గిన్నె మీద మూత లేదని రాసుకోబోతుంటే అత్తయ్య ఆయన అమ్మగారి పుట్టిల్లు అడిగింది. కాసేపటికి ఆయన బాబాయి అయిపోయి, తానే లేచి సాంబారు గిన్నె మీద మూత పెట్టి వెళ్ళారు. తర్వాతి వారం భార్యని కూడా తీసుకొచ్చారు. ఆవిడకి పాతికేళ్ళు కూడా ఉండవేమో. బాబాయి భార్య కాబట్టి పిన్నిగారు. యాభైకి దగ్గరపడ్డ అత్తయ్య ఆ పిల్లని పట్టుకుని "పిన్నిగారూ, ఇంకో గరిటె వెయ్యనా అండి" అంటుంటే పాపం ఆవిడకి ఇడ్లీ మింగుడు పడలేదు.

గ్యాస్ సిలిండరు ఎత్తుకుపోయినవాడి సంగతి కూడా ఇంతే. వాడు ముందురోజు ఇక్కడ ఇడ్లీ తిన్నాడు కాబట్టి వరసకి బావ. పోలీసులు వచ్చి అనుమానం ఎవరి మీద అని అడిగితే, "అనుమానమేం లేదండి, మా బావే. మరదలు వస్తువు బావ పట్టుకుపోయేడు. దానికి మీరెందుకండి" అని వాళ్ళకి కూడా వరసలు కలపబోయింది. వాళ్ళు జీపెక్కేశారు. మర్నాడు పొద్దున్న సిలిండరు పందిట్లో ఉంది. ఊరంతా బావా బావా అని పలకరిస్తుంటే భరించలేకపోయాడట. గ్యాసు మాత్రం సగమే ఉంది. "పోన్లే, వాళ్ళింట్లో వంటకి పనికొచ్చింది" అంది అత్తయ్య.

ఆవిడకి పెళ్ళి కాలేదు. కూతుళ్ళు లేరు. అయినా అల్లుళ్ళకి లోటు లేదు. రొయ్యల చెరువుల దగ్గర సూపర్‌వైజర్‌గా పనిచేసే ఆదిత్య పెద్దల్లుడు. అతను వస్తే బల్ల మీద నీళ్ళు చల్లి తుడిచి, అడక్కుండానే గారె ఒకటి ఎక్కువ వేస్తుంది.

నాకు తొమ్మిదో తరగతి మధ్యలో చదువు ఆగిపోయింది. నాన్న పడవ తుఫానులో విరిగిపోతే, నన్ను ఇక్కడ పనిలో చేరమని అమ్మ పంపింది. నాకు కొత్తవాళ్ళ ముందు నోరు పెగలదు. పందిరి రాట పట్టుకుని నిలబడ్డాను. అత్తయ్య మూత మీద చెయ్యి వేసి ఊరు అడిగింది. నేను పలకలేదు. ఇంటిపేరు అడిగింది. రాటని ఇంకా గట్టిగా పట్టుకున్నాను. అమ్మ పుట్టిల్లు అడిగేసరికి నాకు ఏడుపొచ్చింది. ఆవిడ కాసేపు నన్నే చూసి, "సర్లే. మా అన్నయ్యా ఇంతే. పొద్దున్న అడిగితే సాయంత్రానికి పలికేవాడు. నీకు అచ్చం వాడి పోలిక వచ్చింది. నువ్వు నా మేనకోడలివే" అని మూత తీసింది. ఒక్క ప్రశ్నకీ జవాబు చెప్పకుండా ఆ ఇడ్లీ తిన్నది నేనొక్కదాన్నే. ఆ అన్నయ్యని నేనెప్పుడూ చూడలేదు. కానీ నేను ఎవరి ముందైనా మాట రాక నిలబడిపోతే, "మా అన్నయ్య పోలికండి, ఏం అనుకోకండి" అని ఆవిడ చెప్పేది. ఆ మాట వింటే నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చేది. మాట్లాడకపోవడం తప్పు కాదని, అది మా వంశంలోనే ఉందని.

ఈ ఏడు నరసింహస్వామి కల్యాణం అయిపోయి, తీర్థం జనం పలచబడ్డాక ఒకాయన బస్సు దిగాడు. నల్లగా, ఎత్తుగా ఉన్నాడు. పడవలకి కట్టే మోకుల్లాంటి జడలు నడుం దాకా వేలాడుతున్నాయి. నెత్తిన ఎరుపు, పసుపు, ఆకుపచ్చ ఊలుతో అల్లిన టోపీ. చొక్కా మీద కిరీటం పెట్టుకున్న సింహం బొమ్మ.

గుడి ముందు ఆడవాళ్ళు ఆ జడలు చూసి పక్కకి తప్పుకుని దణ్ణం పెట్టారు. ఒకావిడ తన చంటిపిల్లని ఆయన చేతుల్లో పెట్టి ఆశీర్వదించమంది. ఆయన బిడ్డని జాగ్రత్తగా పట్టుకుని నవ్వుతూ నిలబడ్డాడు. తలనీలాలు తీసే నాగసతీష్ అయితే కత్తి పట్టుకుని ఆయన చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. అంత జుట్టు తన సర్వీసులో చూడలేదట. ఆ మొక్కు తన చేతి మీదే తీరాలని బతిమాలుకుంటూ తిరిగి, మూడో రోజు పొద్దున్న మా హోటల్ దాకా వెంటపడి వచ్చాడు.

ఆయన బల్ల మీద కూర్చున్నాడు. పేరు ఎజ్రా. అదృష్టం కొద్దీ పెద్దల్లుడు ఆదిత్య అప్పుడే గారె తింటున్నాడు కాబట్టి మాటలు ఇటూ అటూ చెప్పే పని అతనికి పడింది. అత్తయ్య చెయ్యి మూత మీదికి వెళ్ళింది.

"ఏ ఊరండి?"

"జమైకా అంటున్నాడు అత్తయ్యగారూ. సముద్రంలో దీవి."

"లంకన్నమాట. ఏ పాయలో ఉందండి?"

అది గోదావరిలోది కాదని, రెండు విమానాలు మారాలని ఆదిత్య చెప్పాడు. ఎంత దూరమైనా లంక లంకే అని ఆవిడ ఆ ప్రశ్న సర్దుకుంది. ఇంటిపేరు అడిగింది. బెన్నెట్ అన్నాడు ఎజ్రా. అని, మళ్ళీ ఏదో నెమ్మదిగా చెప్పాడు. ఆదిత్య గారె కింద పెట్టాడు.

"అది వాళ్ళ పేరు కాదంటండి. వాళ్ళ తాతల్ని ఆఫ్రికా నుంచి ఓడల్లో తెస్తే, కొనుక్కున్న దొర పేరంట. అసలు పేరు ఎవరికీ తెలీదంట."

మూడో ప్రశ్న ఆవిడ అడగలేకపోయింది. ఎజ్రాయే చెప్పాడు. వాళ్ళది రస్తఫారీ మార్గం. అలా ఓడల్లో తెచ్చినవాళ్ళ పిల్లలు, తమ అసలు నేల ఇథియోపియా అని నమ్ముకుని బతుకుతారు. సింహం వాళ్ళ గుర్తు. జుట్టు కత్తిరించరు, మాంసం ముట్టరు, ఆయన అయితే ఉప్పు కూడా తినడు. దేవుడికి ఇచ్చిన మాట.

"మాటిస్తే అదే గదండీ మొక్కంటే" అన్నాడు నాగసతీష్ ఆశగా.

"కానీ ఎప్పటికీ తియ్యరంట" అన్నాడు ఆదిత్య.

నాగసతీష్ కత్తి మడిచి జేబులో పెట్టుకుని బల్ల మీద కూలబడ్డాడు.

ఎజ్రా తాతగారి తరఫున ఇథియోపియా వెళ్ళి ఆ మట్టి కళ్ళకద్దుకుని వచ్చాడు. వచ్చాక, తొంభై దాటిన నాయనమ్మ పట్టుకుందట. మీ తాత సింహాన్ని చూసొచ్చావు, మరి నా సింహం మాటేమిటి అని. ఆవిడ ముత్తవ్వ మన దేశం నుంచి చెరకు నరికే కూలికి ఓడెక్కింది. ఊరి పేరు పోయింది, ఇంటిపేరు పోయింది. నది సముద్రంలో కలిసేచోట సింహం మొహం ఉన్న దేవుడు ఉంటాడన్న మాట ఒక్కటే తల్లుల నోట పిల్లలకి దిగుతూ వచ్చింది. అది పట్టుకుని ఇక్కడికి వచ్చాడు.

నిన్నా మొన్నా ఊరంతా తిరిగాడట. ఆఫీసుల్లో అడిగాడు, రేవులో పెద్దల్ని అడిగాడు. అందరూ మంచివాళ్ళే. బొండాలు కొట్టి ఇచ్చారు, ఫొటోలు దిగారు. ఏ ఇంటి పిల్లో తెలియకుండా మావాళ్ళని ఎలా అంటామండి అన్నారు. రోజూ సాయంత్రం నాయనమ్మ ఫోన్ చేసి, మనల్ని ఎవరైనా గుర్తుపట్టారా అని అడుగుతోంది. ఇంకా లేదు అని చెబుతున్నాడు. ఈ సాయంత్రం ఆయన బస్సు. ఇక ఇంకా అన్న మాట ఉండదు. లేదు అని చెప్పాలి.

అత్తయ్య కళ్ళు మూసుకుంది. పెదాలు కదల్లేదు. పాత్రలోంచి ఆవిరి కొడుతూనే ఉంది. ఇడ్లీలు ఉడికి, మగ్గి, రాళ్ళయ్యే వాసన వస్తున్నా ఆవిడ చెయ్యి తియ్యలేదు. అప్పుడు ఎజ్రా ఆవిణ్ణి ఏదో మర్యాదగా అడిగాడు.

ఆదిత్య ఇబ్బందిగా నవ్వాడు. "మీ ఇంటిపేరేంటి, మీ అమ్మగారి పుట్టిల్లు ఎక్కడ అంటున్నాడండి."

మేమంతా ఆవిడ వైపు తిరిగాం. ఇన్నేళ్ళలో ఎవరమూ అడగలేదు. మేం అడిగేలోపే ఆవిడకి చుట్టాలమైపోయేవాళ్ళం.

"నాకూ తెలీదు బాబూ" అంది అత్తయ్య, చట్నీ అయిపోయిందని చెప్పినట్టు. "దివిసీమ ఉప్పెనలో గడ్డివామి మీద దొరికేనంట. లారీవోళ్ళు తెచ్చి ఈ హోటల్ మామ్మకి ఇచ్చేరు. పేరు కూడా ఆవిడ పెట్టిందే. అందుకే వచ్చినోళ్ళందర్నీ అడుగుతుంటాను. అందరూ చుట్టాలే అనుకుంటే, అందులో నిజం చుట్టం కూడా కలిసిపోతాడు గదా. వాడొక్కడూ తినకుండా పోకూడదు."

నేను ప్లేటు తుడుస్తూ ఆగిపోయాను. మరి ఆ అన్నయ్య? పొద్దున్న అడిగితే సాయంత్రం పలికేవాడు? అత్తయ్య నా వైపు చూడలేదు. గ్యాస్ తగ్గించి ఎజ్రా వైపు తిరిగింది.

"ఆవిడ ఓడెక్కినప్పుడు సారె పెట్టేరా అని అడగండి అల్లుడుగారూ."

సారె అంటే ఏమిటో చెప్పడానికి ఆదిత్యకి చాలాసేపు పట్టింది. పుట్టింటివాళ్ళు ఆడపిల్లకి పెట్టి పంపే చీర, పసుపు కుంకుమ, మిఠాయిలు అని చేతులతో కూడా చూపించాడు. ఆవిడ కట్టుబట్టతో వెళ్ళిందని విన్నామన్నాడు ఎజ్రా.

"అదీ సంగతి. ఇల్లు తెలిస్తే ఆ ఒక్క ఇంటి ఆడపడుచు. తెలీలేదు కాబట్టి ఊరందరికీ ఆడపడుచు. ఆడపడుచుని సారె లేకుండా పంపి, ఇన్ని తరాలు పలకరించకుండా కూర్చున్నాం. వెతుక్కుంటూ వాళ్ళొస్తే ఇంటిపేరు చెప్పమంటామా. నువ్వు నాకు మేనల్లుడివిరా" అని మూత తీసింది.

ఇడ్లీలు నిజంగానే రాళ్ళయ్యాయి. ఎలాగూ వాటిలో ఉప్పుంది. అప్పటికప్పుడు కొబ్బరిపాలు తీయించి, బెల్లం వేసి అన్నం వండింది. ఎజ్రా ఒక ముద్ద తిని, తమ ఇంట్లో ఏం వండినా కొబ్బరిపాలతోనే అన్నాడు. "తింటాడు చూడు. ఆ ఉప్పొక్కటీ వేసుకుంటే ఏ వంకా లేదు పిల్లాడికి" అంది అత్తయ్య.

ఇక ఊరి మీద పడింది. అప్పుడు తెలిసింది ఆ వరసల బలం. తమ్ముళ్ళు, బాబాయిలు, బావలు, ఆవిడ ఇడ్లీ తిన్నవాళ్ళు ఎవరూ కాదనలేకపోయారు. ఎలా కాదంటారు, ఆడపడుచు సారె కదా. ఏ ఇంటి పిల్లో తెలియదన్న రేవు పెద్దలే కొబ్బరి లౌజు, చలిమిడి చేయించుకుని వచ్చారు. పూతరేకులు వచ్చాయి. ఆఫీసరుగారి భార్య, అదే పిన్నిగారు, కబురు అందగానే బండారులంక నేతచీర పట్టుకుని బండి మీద దిగింది. సిలిండరు బావ కొబ్బరిగెల మోసుకొచ్చాడు. ఎవరి చెట్టుదని ఎవరూ అడగలేదు. నాగసతీష్ మాత్రం ఏమీ తేకుండా ఎజ్రా వెనక నిలబడి, "తియ్యకపోతే మానేరు, కాస్త కొబ్బరినూనైనా రాయనివ్వండి" అని, సాయంత్రం దాకా ఒక్కో జడకీ నూనె పట్టించాడు.

పెట్టె మూత పడలేదు. అత్తయ్య దాని మీద కూర్చుంది. పడలేదు. ఆదిత్య కూడా కూర్చున్నాడు. అప్పుడు పడింది. బస్సు దగ్గర ఎజ్రా నుదుట బొట్టు పెట్టి, మా మేనల్లుడు, భద్రంగా దింపమని తమ్ముడి వరసైన కండక్టరుకి అప్పజెప్పింది. ఎజ్రా కిటికీలోంచి తల బయటపెట్టి ఫోన్‌లో ఏదో గట్టిగా చెబుతున్నాడు. ఏం చెబుతున్నాడో ఆదిత్యని ఎవరూ అడగలేదు.

కొన్నాళ్ళకి ఆదిత్య ఫోన్‌కి వీడియో కాల్ వచ్చింది. బండారులంక చీర స్వెట్టరు మీద చుట్టుకుని బుల్లి ముసలమ్మగారు కూర్చుని ఉంది. పూతరేకు పొరలు ఒక్కొక్కటీ కాగితాల్లా ఊడదీసి పక్కన పెట్టి, లోపలి చక్కెరపొడి మాత్రమే తింటోంది. అత్తయ్య కంగారుగా చేతులు ఊపింది. ఆవిడ పట్టించుకోకుండా గడగడా ఏదో అడగడం మొదలుపెట్టింది. ఆదిత్య చెప్పకుండా నవ్వుతున్నాడు.

"ఏంటంటున్నారండి?"

"మీది ఏ ఊరు, మీవాళ్ళెవరు, మీ అమ్మ ఎవరి పిల్ల అంటున్నారండి. ఎవరు కనబడినా ఇదే అడుగుతారంట. చెబితే గానీ టీ ఇవ్వరంట."

అత్తయ్య మూత మీద చెయ్యి వేసి బల్లలన్నిటినీ ఒకసారి కలియజూసింది. "చూసేరా. ఇంకేం రుజువు కావాలండి."

ఈలోగా ముసలమ్మగారి వేలు అద్దంలోంచి నన్ను చూపించింది. ఆ రాట చాటున నిలబడిన పిల్ల ఎవరు, మాట్లాడదేం అని.

"మా మేనకోడలండి" అంది అత్తయ్య. "మా అన్నయ్య పోలిక. అడిగితే పలకదు."

నేను రాట వదిలి ముందుకొచ్చాను.

"ఆయ్, అవునండి. మా మేనత్తండి" అన్నాను.

అత్తయ్య మూత తీసింది. ఆ ఆవిరికి ఆదిత్య ఫోనూ, జమైకా, ముసలమ్మగారూ ఏమీ కనబడలేదు. లోపల్నుంచి ఆవిడ ఇంకా ఏదో అడుగుతూనే ఉంది.