పూజ నీళ్ళు తాగిన మిరప మొక్కలు

భజన మండలి పెద్దలకు, మహిళా సభ్యులకు, ఈ పత్రికలో ఫొటోలు మాత్రమే చూసి పక్కన పెట్టేవారికి, అందరికీ సాష్టాంగపడి ముందుగా క్షమాపణ చెప్పుకుంటున్నాను. అంత పెద్దమనిషి గురించి ఇంత చిన్నవాడు రాయకూడదు. రాసినా మిరప మొక్కల గురించి అసలే రాయకూడదు. ఇందులో అచ్చుతప్పులుంటాయి, వాక్యదోషాలుంటాయి, గౌరవలోపాలు దండిగా ఉంటాయి. వాటిని ఎర్ర సిరాతో దిద్దే మనిషి పోయిన నెల వెళ్ళిపోయారు. కాబట్టి తప్పులన్నీ ఇక ఎక్కడివక్కడే ఉండిపోతాయి. మన్నించండి.

మన ఆదివారం బడి తెలుగు మాస్టారు పోయారన్న కబురు నాకు సువా నుంచి వచ్చే బస్సులో తెలిసింది. ఫోన్లో ఫువా. ఆవిడ మాస్టారి చెల్లెలు. మా పేట వాలేలేవులో సగం మందికి ఫువాయే, అంటే మేనత్త. "మాస్టర్ చల్ గయిస్, బేటా" అంది. తర్వాత ముక్కు చీదుకుని, "కిటికీ తెరిచే ఉంది. వాన లోపలికి కొడుతోంది. మిరప తడుస్తోంది. ఏం చెయ్యాలి?" అంది.

మనిషి పోయిన ఇంట్లో మొదటి ప్రశ్న మొక్కల గురించి ఎందుకు వచ్చిందో తెలియాలంటే మీరు ఆ కిటికీ దాకా రావాలి. మీలో చాలామంది వచ్చారు కూడా. ఉత్త చేతులతో ఎవరూ రాలేదు, అదే వచ్చిన చిక్కు.

చిన్నప్పుడు నాకు అ ఆలు నేర్పింది ఆయనే. కాలేజీ అయ్యాక ఉద్యోగానికి దగ్గరని ఆయన ఇంటి కింద భాగంలోనే అద్దెకు దిగాను. ఫిజీకి స్వతంత్రం వచ్చిన ఏడు ఆయన కొత్తగా చేరిన టీచరట. కొత్త జెండా కింద పిల్లల్ని నిలబెట్టి పాట పాడించమన్నారట. పిల్లలకు పాట రాదు, ఆయనకూ రాదు. "పెదాలు కదపండిరా, మిగతాది గాలి పాడుతుంది" అన్నారట. ఆదివారం బడిలో మాకూ అదే సూత్రం. ఇంట్లో మేం మాట్లాడేది హిందీ, బయట ఇంగ్లీషు. తెలుగు వారానికొకసారి పెదాలు కదపడమే. అయినా ఎర్ర పెన్ను జేబులో లేకుండా ఆయన ఎక్కడికీ వెళ్ళేవారు కాదు. డాక్టరు దగ్గర కూర్చుని గోడమీది నోటీసులో ఇంగ్లీషు దిద్దిన మనిషి. ఒక్కోసారి మాత్రం మేం రాసిన వంకర వాక్యం మీద పెన్ను ఆపి, మూత పెట్టేసేవారు. "కొన్ని తప్పులు దిద్దితే వాక్యం చచ్చిపోతుందిరా. పోనీ, బతకనీ."

ఇక మిరప. అది వాళ్ళావిడ మిరప. ఆవిడ ఎప్పుడో పోయింది, ఆవిడ పెంచిన రకం మాత్రం పెరట్లో మిగిలింది. చిన్న కాయ, కొమ్మ మీద ఆకాశంలోకి చూస్తూ నిక్కి నిలబడుతుంది. "మా ఆవిడ మిరప ఎవరికీ తల వంచదు, ఆవిడలాగే" అని ప్రతి భోజనంలోనూ ఒకసారి అనేవారు. కిందటి తుఫానుకి పెరడు మొత్తం పోయింది. బియ్యం డబ్బాలో పురుగు పట్టకుండా వేసిన ఎండు మిరపకాయ ఒకటి ఫువాకి దొరికింది. దానిలోని గింజలే ఆ వంశంలో చివరివి.

బయట నాటితే మైనాలు పొడుస్తాయి, పక్కింటి కోళ్ళు కెలుకుతాయి, మా నసీను ఊరి వాన పాతరేస్తుంది. అందుకని పాలపొడి డబ్బాల్లో మట్టి పోసి, హాల్లో దేవుడి మూలకు పక్కనే ఉన్న కిటికీలో విత్తారు. మొలిచాయి. నాలుగేసి ఆకులు వేశాయి. అప్పటికే ఆయన ఒంట్లో బాగాలేదు, గుండె నీరసపడింది. "ఈ రకం ఒక్కసారి కాయనీ, ఇంటికో మొక్క పంచేస్తాను. తర్వాత నా సంగతి దేవుడు చూసుకుంటాడు" అన్నారు. ఆయన అడిగింది అంతే. సరిగ్గా అప్పుడే అడుగు ఆకులు పసుపుపచ్చబడటం మొదలైంది.

ఆ తర్వాత ఆ కిటికీ దగ్గర జరిగినంత వైద్యం ఈ ద్వీపంలో ఏ రోగికీ జరిగి ఉండదు.

"నజర్ తగిలింది" అంది ఫువా. దిష్టికి నిమ్మకాయ, మిరపకాయలు దారానికి గుచ్చి మొక్కల పైన వేలాడదీసింది. మిరపను కాపాడటానికి మిరపకాయను కాపలా పెట్టిన ఇల్లు అదొక్కటే.

బా అనే ఊరి నుంచి మాస్టారి తమ్ముడొచ్చాడు, జీవితమంతా చెరకు పండించిన మనిషి. వంగి చూసి, "ఇదేం రోగం కాదు భయ్యా, భూక్. ఆకలి. గుప్పెడు సల్ఫేట్ కొట్టు" అన్నాడు.

"డబ్బాలో మట్టే గుప్పెడు ఉంది కదరా" అన్నారు మాస్టారు.

"అయితే చిన్న గుప్పెడు."

ఢోలక్ వాయించే టాక్సీ అన్నయ్య టార్చి వేసి చూశాడు. "బ్యాటరీ డౌన్, మాస్టర్. ఎండ లేదు కదా, చార్జ్ ఎక్కడం లేదు."

అప్పుడు నన్ను పిలిచారు. నా డిగ్రీ అకౌంటింగులో, కానీ చేతిలో ఫోన్ ఉంది కాబట్టి నేను స్పెషలిస్టుని. ఆకు వెనక్కి తిప్పాను. ఈనెలు లెక్కపెట్టినట్టు నటించాను. "కొత్త ఆకులు బాగున్నాయి, పాత ఆకులే పాలిపోయాయి. నైట్రోజన్ లోపం కావచ్చు. మెగ్నీషియం కావచ్చు. లేదా కులదేవత కోపం కావచ్చు" అన్నాను.

"మొదటి రెండూ తెలుగులో చెప్పు" అన్నారు మాస్టారు.

"ఆకలి, రక్తం తక్కువ."

"మూడోది తెలుగులోనే ఉంది, బాగుంది" అన్నారు.

అందరం నవ్వాం. నాకు ఇప్పుడు బాధనిపించేది ఆ నవ్వే. అందరం ఆకునే చూశాం, డబ్బా ఎత్తి చూసినవాడు లేడు.

మీకు గుర్తుందా, ఆ రోజుల్లో వారం తిరక్కుండా ఆయన ఇంట్లో పూజలు జరిగాయి. ఆయన ఆరోగ్యం కోసం మంగళవారం రామాయణం, శనివారం సత్యనారాయణ వ్రతం, మధ్యలో ఎవరికి తోస్తే వాళ్ళు. పూజయ్యాక కలశంలో నీళ్ళు మిగులుతాయి. వాటిని తొక్కకూడదు, సింకులో పోయకూడదు, మొక్క మొదట్లోనే పొయ్యాలి. తులసి కోట ఎక్కడుంది? కంచె దగ్గర, వానలో, బురదలో. మిరప ఎక్కడుంది? చెయ్యి చాపితే అందేంత దూరంలో. పాపం, మాస్టారి మొక్కలు వాడిపోతున్నాయి, పుణ్యమూ వస్తుంది. ఒక లోటాడు. పంచామృతం అడుగున మిగిలిందా, అదీ ఒక చెంచా. హారతిచ్చినవాళ్ళు కాస్త, ఇవ్వనివాళ్ళు సిగ్గుపడి ఇంకాస్త.

ఒకరోజు వాన జల్లు పడుతోందని డబ్బాను లోపలికి జరపబోయాను. బావిలోంచి తోడిన బొక్కెనలా ఉంది బరువు. వాసన చూశాను. అగరొత్తులు, విరిగిన పాలు.

ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నారు, చేతిలో చిన్న స్టీలు గ్లాసు. గుండె జబ్బుకి డాక్టరు నీళ్ళు తగ్గించమన్నాడు. పూట మొత్తానికి ఆ గ్లాసే. ఆయన తాగని నీళ్ళన్నీ మొక్కలు తాగుతున్నట్టుంది.

"మాస్టారూ, ఇవి ఆకలితో చావడం లేదు. మునిగి చస్తున్నాయి. డబ్బాలకి చిల్లుల్లేవు. వేళ్ళకి ఊపిరాడటం లేదు."

"తెలుసు" అన్నారు.

"తెలుసా?"

"మట్టి వాసన తెలీదా నాకు? చిల్లు పెడితే ఆ నీళ్ళు నేల మీదికొస్తాయి. దేవుడి నీళ్ళు, జనం తొక్కుతారు. మీ ఫువా నన్నిక్కడ బతకనిస్తుందా?"

"అయితే పొయ్యొద్దని చెప్పండి."

ఆయన గ్లాసులోంచి ఒక్క గుక్క తాగి, ఎంత మిగిలిందో చూసుకున్నారు. "వాళ్ళు బస్సులు మారి వస్తున్నారు, నేను బతకాలని. చేతిలో ఉన్నది ఆ లోటాడు నీళ్ళే. పొయ్యొద్దని ఏ మొహంతో చెప్పనురా?"

మండలి వాళ్ళకు నేనైనా చెప్పి ఉండాల్సింది. ఫువాకైనా చెప్పాల్సింది. చెప్పలేదు. "పెద్దల భక్తికి నేను అడ్డమా" అని మెట్లు దిగిపోయాను.

వానలు ముదిరాక ఆయన్ని ఆసుపత్రిలో చేర్చారు. ఇంట్లో పూజలు ఇంకా పెరిగాయి. మొక్కలు మొదళ్ళ దగ్గర మెత్తబడ్డాయి. ఆకులు ఒక్కొక్కటీ రాలి కిటికీ గట్టు మీద పసుపు రాసినట్టు పడ్డాయి. నేను ఆసుపత్రికి వెళ్ళినప్పుడల్లా ఆయన అడిగే మొదటి మాట, "ఎలా ఉన్నాయిరా?" నేను చెప్పే మాట, "మిమ్మల్ని అడిగాయి, మాస్టారూ."

ఆయన ఇంటికి తిరిగొచ్చిన రోజున కిటికీలో డబ్బాల నిండా ఆకుపచ్చ. ఫువా చేతులు జోడించి గుమ్మంలోనే నిలబడిపోయింది. "దేఖా? భగవాన్ సున్ లిస్, దేవుడు విన్నాడు! మనం పోసిన నీళ్ళు ఊరికే పోలేదు!" టాక్సీ అన్నయ్య ఆ సాయంత్రం ఢోలక్ మీద ఏకంగా తోలు చిరిగేలా వాయించాడు. మాస్టారు ఒక ఆకును వేళ్ళ మధ్య పెట్టి చాలాసేపు నిమిరారు.

కొన్నాళ్ళకి పూత వచ్చింది, ఒక పిందె పడింది. ఆయన నన్ను పైకి పిలిచారు. కుర్చీ కిటికీకి ఆనించి ఉంది. ఎర్ర పెన్ను చేతిలో ఉంది, దిద్దడానికి కాగితం మాత్రం లేదు.

"ఇది కిందికి చూస్తోందేంరా?"

నిజమే. చిన్న కాయ నేలవైపు వేలాడుతోంది.

"గురువుగారి ఎదుట వినయం, మాస్టారూ."

"మా ఇంటి మిరపకి వినయం ఎప్పుడూ లేదే."

నేను వేలాడే కాయనీ, ఆయన నన్నూ చూశాం. పెన్ను నా వైపే తిరిగి ఉంది. తర్వాత మూత తీసుకుని, నెమ్మదిగా, చప్పుడయ్యేలా పెట్టేశారు.

"పోనీ, బతకనీ" అన్నారు. నేను గుమ్మం దాటుతుంటే వెనకనుంచి, "వీటికైనా నీళ్ళు తగ్గించు" అన్నారు.

ఆ కాయ ఎర్రబడేదాకా ఆయన ఉన్నారు. అది కోసేదాకా లేరు.

పదమూడో రోజున ఫువా మిరపకాయలు కోసి, తమలపాకులో పెట్టి, వచ్చినవాళ్ళందరికీ ఇంటికొకటి పంచింది. మాస్టారి కోరిక తీరాలని అక్కడే చివర కొరికి చూసినవారు కొందరున్నారు. "అదే కారం! వదినగారి చేతి కారం!" అని కళ్ళనీళ్ళు తుడుచుకున్నారు. బా వాళ్ళు గింజలు రుమాలులో మూట కట్టుకున్నారు. ఇప్పుడు మీ ఇళ్ళలో అవి మొలకెత్తుతున్నాయని వింటున్నాను.

ఆ రోజు నామీద చాలా మాటలు పడ్డాయి. ఫోన్ చూసి మొక్కలకి ఉప్పు వేశానని ఒకరు, సల్ఫేట్ ఎక్కువ కొట్టానని ఒకరు, ఫువా కట్టిన దిష్టి మిరపకాయ తిన్నానని ఒకరు. ఇవేవీ నేను చెయ్యలేదు. నేను చేసింది ఒక్కటే.

ఆయన ఆసుపత్రి నుంచి వస్తారనగా ముందు రోజు వాలేలేవు మార్కెట్‌కి వెళ్ళాను. ప్లాస్టిక్ కప్పుల్లో నారు అమ్మే ఫిజియన్ ఆంటీ, "ఈ బహుత్ తీతా, భయ్యా" అంది, చాలా కారం అని. కొన్నాను. ఇంటికొచ్చి డబ్బాలకి మేకుతో చిల్లులు కొట్టాను. నీళ్ళు నేల మీదికి రాకుండా అడుగున మా వంటింటి రోటీ ట్రే పెట్టాను. ఎవరి కాలికీ తగలవు, ఎవరి భక్తికీ అడ్డం కాదు. ఆ ట్రే మొదట్నించీ నా వంటింట్లోనే ఉంది. ముందే తట్టి ఉంటే సరిపోయేది.

పాత మొక్కల్ని పీకాను. వేళ్ళు గోధుమరంగుకి తిరిగి నా చేతిలో నలిగిపోయాయి. అన్నీ కాదు. ఒకదాని చివర, గోరంత ఆకు, ఇంకా ఆకుపచ్చగా, పైకి చూస్తూ ఉంది. కొత్తవాటి పక్కన పెడితే తేడా తెలిసిపోతుందని దాన్ని కూడా కిటికీలోంచి విసిరేశాను. పడిన చోటు కాసేపు చూశాను. కంచె కింద వాన నీళ్ళు పారుతున్నాయి. అది నీళ్ళ మీద, తల వంచకుండానే, కాలవ వైపు వెళ్ళిపోయింది.