ముంగిస సింహమూ, లాకప్పులో నిచ్చెనా

ఎరోని గీసిన బొమ్మల్లో పదేళ్ళు నిలిచినది ఒక్కటీ లేదు. బస్సుల వెనుక గీసిన సొరచేపలను మామిడి కొమ్మలు గీరిపోయాయి. ఫాంగ్ కొట్టు మీద గీసిన రొట్టెను ఉప్పుగాలి తినేసింది. రగ్బీ క్లబ్బు గోడ మీది పిడికిలి గోడతో సహా తుపానులో ఎగిరిపోయి, చెరకు తోటలో బోర్లా దొరికింది. మనిషి చెయ్యి మంచిదే, గోడల జాతకమే బాగుండలేదు.

అందుచేత, ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చి పదేళ్ళయిన ఆ సంవత్సరం, మా ఊరు వునికావికలో బడి కమిటీవారు కొత్త హాలు నుదుట జాతీయ చిహ్నం వేయమని అడిగినప్పుడు, యాభై రెండేళ్ళ ఎరోని రంగుల మాట ఎత్తలేదు.

"ఈ గోడ ఉంటుందా?" అని మాత్రం అడిగాడు.

కమిటీ అధ్యక్షుడు, చెరకు రైతు అప్పల్సామి గోడను అరచేత్తో చరిచి చూపించాడు. "సిమెంటురా అబ్బాయ్. నువ్వు పోయినా, నేను పోయినా ఇది పోదు."

"అయితే గీస్తాను."

విద్యాశాఖ పంపిన అచ్చు కాగితం ఒకటి ఉండేది. దానికి తోడుగా, చిహ్నంలో ఏ మార్పూ చేయరాదని ఒక ఉత్తరమూ ఉండేది. ప్రధానోపాధ్యాయుడు బిసేసర్ మాస్టారు ఆ రెండింటినీ ఎరోనికి అప్పగించి, శిక్షణ నిమిత్తం రెండు వారాలు రాజధాని సువా వెళ్ళారు. ఆయన బస్సెక్కిన సాయంత్రమే హాలు ముందు చాప పరిచారు. మంచి పని ఏదైనా మా ఊళ్ళో, నలుగురూ కలిసి తాగే వేరు పానీయం యంగోనా గిన్నెతోనే మొదలవుతుంది. గిన్నె పెట్టడానికి చదునైన చోటు వెతికి, ఎవరో దానిని అచ్చు కాగితం మీద పెట్టారు. గిన్నె తీసేసరికి, చిహ్నంలోని డాలు పైభాగాన ఉండవలసిన సింహం స్థానంలో గుండ్రని బురదరంగు మరక ఉంది. మరక అంచున ఒక తోక, ఒక కోకో కాయ మాత్రం మిగిలాయి.

ఎరోని చూసినదానిని ప్రాణంతో గీస్తాడు, చూడనిదానిని అడిగి గీస్తాడు.

"సింహం ఎలా ఉంటుంది?" అని చాప మీదివాళ్ళను అడిగాడు.

"మీసాలుంటాయి," అన్నాడు అప్పల్సామి.

"కోరలుంటాయి. ఎదురుపడితే పారిపోదు," అన్నాడు ఫాంగ్.

మీసాలూ కోరలూ ఉండి, ఎదురుపడితే పారిపోని జంతువును ఎరోని చెరకు తోటల్లో రోజూ చూస్తూనే ఉన్నాడు. మూడో రోజుకల్లా డాలు మీద బంగారురంగు ముంగిస ఒకటి, కోకో కాయను రెండు చేతులా పట్టుకొని, దొంగచూపు చూస్తూ వెలిసింది.

డాలులోని నాలుగు గదుల్లో మూడింటికి యజమానులు తేలారు.

"ఇది చెరకా, గడ్డి పరకా? ఈ సన్న గడలు మిల్లుకి తోలితే నా మొహాన కొడతారు," అన్నాడు అప్పల్సామి. ఎరోని గడలను లావు చేశాడు. అరటి గెలలో పళ్ళు తక్కువయ్యాయని కొండ పల్లెవాళ్ళు నిలదీశారు. కొబ్బరిచెట్టు ఒరగకపోతే అది సముద్రపు చెట్టే కాదని తీరంవాళ్ళు పట్టుబట్టారు. పావురం తరఫున మాట్లాడడానికి ఎవరూ రాలేదు. కనుక ఆ ఒక్కటే అచ్చులో ఉన్నట్టు కుదిరింది.

ఇక డాలుకు ఇరువైపులా నిలబడే ఇద్దరు యోధులు. ఎడమవైపువాడికి ఎరోని తన పడుచువయసు ముఖం పెట్టుకున్నాడు. కుడివైపువాడికి ఠాణా కార్పొరల్ సైలోసి ముఖాన్నే కాక, సైలోసి పొట్టను కూడా పెట్టాడు. నారబట్ట కట్టు మీదుగా ఆ పొట్ట బయటికి పొంగి, డాలు అంచును కొంచెం కమ్మింది.

ఎరోనికి ఆ చనువు ఉంది. వాళ్ళిద్దరి దీవుల పూర్వులకూ ఒకే దేవుడు కావడంచేత, వాళ్ళు ఒకరికొకరు తౌవూ వరస. మన బావమరుదుల సరసానికి పదింతలు అనుకోవచ్చు. తౌవూను ఎంత మాటైనా అనవచ్చు, తౌవూ ఇంట్లో ఏ వస్తువైనా ఎత్తుకుపోవచ్చు. కోపం తెచ్చుకున్నవాడు, పోయిన వస్తువును తిరిగి అడిగినవాడు తన దీవి పరువు తీసినవాడవుతాడు.

సైలోసి సైకిలు దిగి, తలెత్తి చాలాసేపు చూశాడు.

"ఒరే గబ్బిలాలు తినేవాడా, నా కాళ్ళు ఇంత పొట్టా?"

"నీ పొట్ట కింద కాళ్ళున్నట్టు నువ్వెప్పుడైనా చూశావురా? ఉన్నంతలో నేను దయతలిచి గీశాను."

"ఉండు. నీ పని చెబుతా." అని సైలోసి వెళ్ళిపోయాడు. మరునాడు భార్యాపిల్లలను వెంటబెట్టుకొని వచ్చి, గోడ కింద నిలబెట్టి ఫొటో తీయించుకున్నాడు.

సోమవారం మధ్యాహ్నం బిసేసర్ మాస్టారు తిరిగివచ్చారు. శుక్రవారమే ఫిజీ దినం, సువా నుంచి విద్యాధికారి వస్తున్నాడు. మాస్టారు గొడుగు ముడిచి, కళ్ళజోడు తుడిచి, మళ్ళీ పెట్టుకొని చూశారు.

"ఎరోనీ, ఆ పైన ఉన్నది ఏమిటి?"

"సింహం, మాస్టారూ."

"అది ముంగిస. ఈ పక్కన ఉన్నది మన కార్పొరల్. ఇది దేశపు చిహ్నమయ్యా, ఊరి ఫొటో కాదు. అధికారి వచ్చేలోగా గోడ తెల్లగా ఉండాలి. రేపు పొద్దున్నే సున్నం కొట్టెయ్యి."

మాస్టారు చెడ్డవారు కారు. నియమం తప్పితే ఆయనకు అన్నం సహించదు, అంతే.

"సరే, మాస్టారూ," అన్నాడు ఎరోని. ఆ సాయంత్రం కుళాయి దగ్గర కూర్చొని, అప్పటికే శుభ్రంగా ఉన్న కుంచెలను చీకటి పడేదాకా కడిగాడు. అప్పల్సామి వచ్చి పక్కన కూర్చున్నా తలెత్తలేదు. "సిమెంటన్నావుగా," అని మాత్రం అన్నాడు.

మంగళవారం తెల్లవారి అతడు సున్నం కలిపి తెచ్చేసరికి, గోడకు ఆనించి ఉండవలసిన ఇరవై అడుగుల నిచ్చెన లేదు. హాలు నుదురు అందుకోగల నిచ్చెన ఊరంతటికీ అదొక్కటే. రోడ్డు మీద ఇద్దరు కానిస్టేబుళ్ళు దానిని మోసుకుపోతుంటే, సైలోసి ముందు నడుస్తూ పెద్దగొంతుతో చాటుతున్నాడు. "వినండర్రా! నా తౌవూ నా పొట్టను గోడకెక్కించాడు. నేను అతని నిచ్చెనను లాకప్పుకెక్కిస్తున్నాను!"

నిచ్చెన లాకప్పులో పూర్తిగా పట్టలేదు. నాలుగు మెట్లు కిటికీ ఊచల మధ్య నుంచి రోడ్డు మీదికి పొడుచుకొచ్చాయి. సైలోసి భార్య వాటి మీద బట్టలు ఆరేసింది.

మాస్టారు ఠాణాకు వెళ్ళారు. సైలోసి లేచి నిలబడి సెల్యూట్ చేశాడు.

"దొంగతనమైతే ఫిర్యాదు రాసుకుంటాను సార్. కాని సొంతదారే రావాలి."

మాస్టారు ఎరోని దగ్గరికి వచ్చారు. "వెళ్ళి అడుగయ్యా."

"తౌవూ తీసుకుపోయినదాన్ని అడగడమా? మా తాతలు గోతుల్లోంచి లేచొచ్చి తంతారు, మాస్టారూ." రెండు వారాలుగా నిచ్చెన మీదే బతికిన మనిషి ముఖంలో, అది పోయినందుకు విచారం ఏమీ కనిపించలేదు.

"అప్పల్సామీ, రెండు చిన్న నిచ్చెనలు కలిపి కడితే?"

"నాదానికి చెదలు పట్టింది మాస్టారూ," అన్నాడు అప్పల్సామి. ఆ నిచ్చెన మీద నిలబడే అతడు ముందురోజు పనసకాయలు కోశాడు. ఫాంగ్ తన నిచ్చెనను మేనల్లుడికి ఇచ్చానన్నాడు. అతనికి మేనల్లుడు లేడు. కొండ పల్లెలవారు తాము అసలు నిచ్చెనలే వాడమనీ, నేరుగా ఎక్కుతామనీ చెప్పారు. చెరకు లావు లేదన్నవారూ, గెల చిన్నదన్నవారూ, చెట్టు ఒరగలేదన్నవారూ ఆ మూడు రోజులు ఒక్క మాట మీద నిలబడ్డారు. పదేళ్ళలో మా ఊళ్ళో అంతటి ఐకమత్యం నేను చూడలేదు.

శుక్రవారం జెండా ఎగిరింది, పిల్లలు పాడారు. విద్యాధికారి ఫిజీకి ఉత్తరాన ఎక్కడో దూరాన ఉన్న రొటుమా దీవివాడు, కళ్ళజోడు మనిషి. కుర్చీలో కూర్చున్నంతసేపూ అతని చూపు గోడ మీదే ఉంది. ఉపన్యాసం అయ్యాక గోడ కిందికి నడిచాడు. మాస్టారు క్షమాపణకు గొంతు సవరించుకున్నారు.

"ఎవరు గీశారు?"

ఎరోని ముందుకు వచ్చాడు. చొక్కా కొత్తదే. చేతులు మాత్రం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి పెట్టుకున్నాడు.

"సింహం ముంగిసలా ఉందేమిటయ్యా?"

"తమరు సింహాన్ని చూశారా, సార్?"

"లేదు."

"నేనూ చూడలేదు. ముంగిసనైతే ఇద్దరం చూశాం."

ఎవరో కిసుక్కుమన్నారు. అధికారి నవ్వలేదు. చెరకు మీదా, అరటి మీదా, కొబ్బరి మీదా, చివరికి సైలోసి పొట్ట మీదా వేలు ఆడించాడు.

"అందరూ ఉన్నారే. మా రొటుమావాళ్ళు ఎక్కడ?"

ఎరోని తలెత్తి, డాలు పైనున్న తెరచాప పడవను చూశాడు. "ఆ పడవలో ఉన్నారు, సార్. ఇంకా ఒడ్డుకు రాలేదు."

ఈసారి అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకోవలసివచ్చింది. "ఖాళీ పడవయ్యా అది! ఒక మనిషినైనా కూర్చోబెట్టు."

బిసేసర్ మాస్టారు ఉండబట్టలేకపోయారు. "అయ్యా, చిహ్నంలో ఏ మార్పూ చేయరాదని తమ శాఖ ఉత్తరం..."

"ఆ ఉత్తరం మీద సంతకం నాదే, మాస్టారూ. నిచ్చెన ఉందా?"

ఊరంతా సైలోసి వైపు తిరిగింది. సైలోసి భార్య పరుగున వెళ్ళి బట్టలు తీసింది. ఎరోని నిచ్చెనను అడిగి తీసుకోలేదు. సైలోసి తానే మోసుకొచ్చి గోడకు ఆనించి, కాలితో అదిమిపట్టాడు.

"ఎక్కరా గబ్బిలం. పడితే పట్టుకోను."

"నీ పొట్ట మీద పడతాలే, దెబ్బ తగలదు."

పడవలో కళ్ళజోడు పెట్టుకున్న బొటనవేలంత మనిషి వెలిశాడు.

ఆ గోడ ఇప్పటికీ ఉంది. ఏటా అక్టోబరులో రంగు వేసినప్పుడల్లా ఎరోని సైలోసి పొట్టను ఆ సంవత్సరపు కొలతకు సరిచేసేవాడు. బిసేసర్ మాస్టారు ఉద్యోగ విరమణ చేసిన ఏడు, పిల్లలందరూ ఇళ్ళకు పోయాక, గొడుగు చంకన పెట్టుకొని నిచ్చెన కిందికి వచ్చారు. కాసేపు పైకి చూసి, మెల్లగా అడిగారు.

"ఎరోనీ, ఆ పడవలో ఇంకొకరికి చోటుందా?"

ఎరోని కుంచెను రంగులో ముంచాడు. "ఉంది, మాస్టారూ. కాని ఊరికే కూర్చుంటే కుదరదు. తెడ్డు వెయ్యాలి."