శ్రుతక్క వెతుకులాట

ల్యాబులో అందరూ ఆమెను శ్రుతక్క అంటారు. గడ్డకట్టే చలిలో ఉంచిన సూపర్‌కండక్టర్ డబ్బాను వెంట్రుకవాసి సాగదీస్తూ, తంబురా తీగలా శ్రుతి మారుస్తూ, కంటికి కనబడని కృష్ణపదార్థపు (డార్క్ మ్యాటర్) కణం ఏ శ్రుతిలోనైనా కాస్త పలుకుతుందేమోనని వెతకడం ఆమె పని. కణం పలికితే లేవాల్సిన తెర మీది గీత ఆరేళ్లుగా చదునుగానే ఉంది. రోజూ కళ్లజోడు తుడుచుకుని చూస్తుంది, పెదవి విరిచి “ఇవాళా లేదు” అని పుస్తకంలో రాస్తుంది.

మొన్న మంగళవారం ఏ దేవుడు కరుణించాడో, గీత నిటారుగా లేచింది. మూడుసార్లు సరిచూసినా అక్కడే ఉంది. ఇంటికి ఫోన్ చేసి “ఏవండీ, దొరికినట్టుందండీ!” అంది. ఇంతలో పెద్దసారు గుమ్మంలో నిలబడి నేలచూపులు చూశాడు. “అది నేను పంపిందేనమ్మా. మనం ఏమరుపాటుగా ఉన్నామేమో చూడ్డానికి అప్పుడప్పుడు దొంగ సంకేతం పంపాలని రూలు కదా.” ఆమెకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. “రూలు తగలెయ్య! ఒక్క పూటైనా సంతోషపడనివ్వచ్చుగా సార్!” అంది. ఆయన కుర్చీ లాక్కుని ఆమె పక్కనే కూర్చున్నాడు. ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది. అవతల భర్త మెల్లగా అన్నాడు, “అంతా విన్నానే. పాపకి అప్పుడే చెప్పేశాను, గెంతులేస్తోంది. ఏం చెయ్యను?”

ఆమె ముక్కు తుడుచుకుంది. “ఇంకాసేపు గెంతనివ్వండి. నేనొచ్చి చెప్తాను.”