ఉప్పు ఆవిరిలో రాదు

డాక్టర్ శాద్లియాకు మూత తీయడమంటే గిట్టదు. కుండ మూతే కాదు, దేని మూతైనా సరే. పుచ్చకాయ తట్టి కొంటుంది గానీ కోసి చూపించమనదు. ఎవరైనా బహుమతి ఇస్తే, పొట్లాన్ని అటూ ఇటూ ఊపి, లోపల ఏముందో చెప్పాకే విప్పుతుంది. ఒకసారి అలాగే ఊపి గాజు కూజా అని చెప్పింది. కూజాయే. కాకపోతే అప్పటికి ముక్కలైంది.

స్ఫాక్స్ నగరంలో ఆమె ప్రయోగశాల నడిచేదీ ఈ పద్ధతి మీదే. పరిశోధన మెదడు జబ్బుల మీద, మెదడును మాత్రం ముట్టుకోదు. బతికున్న మనిషి పుర్రె తెరిచి ముక్క కోయడం ఆడుకునే పని కాదు కదా. అందుకని చేతిలోంచి కాస్త రక్తం తీసి, అందులో ఏ జన్యువు గట్టిగా పనిచేస్తోందో, ఏది నిద్రపోతోందో చూసి, మెదడులో సంగతులు ఊహిస్తుంది.

విభాగాధిపతి మున్సిఫ్‌కు ఇదంతా చూస్తే ఒళ్లు మంట.

"ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటే ఒప్పుకుంటానమ్మా. ఈ కుండలో మెతుకు పట్టి, పక్క కుండలో ఉడికిందంటే ఎట్లా?"

"పక్క కుండ కాదండీ, పై కుండ! మీ ఇంట్లో కుస్కుస్ వండరా? కింద కూర ఉడుకుతుంటే, పైన చిల్లుల గిన్నెలో రవ్వ ఆ ఆవిరికే ఉడుకుతుంది. ఆ రవ్వ చిటికెడు నోట్లో వేసుకుంటే కింద ఏముందో చెప్పేస్తా."

మేనకోడలి పెళ్లిలో చెప్పింది కూడా. రవ్వ నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని, "చేప. జీలకర్ర. దివ్యంగా కుదిరింది, వడ్డించేయండి!" అని ప్రకటించింది. చేపా నిజమే, జీలకర్రా నిజమే. కూరలో ఉప్పు మాత్రం ఎవరూ వేయలేదు. వియ్యాలవారు మొహాలు మాడ్చుకున్నారు. శాద్లియా మర్నాడు సంబరంగా ప్రయోగశాలకొచ్చి, తన కింద పనిచేసే డాక్టర్ వజ్దీని పట్టుకుంది.

"ఒరే వజ్దీ, ఉప్పు ఆవిరిలో రాదురా! వాసనే వస్తుంది! మెదడు సంగతీ అంతే. అన్ని జన్యువుల కబురూ రక్తంలో తెలియదు. ఏవి తెలుస్తాయో ఏరుకోవడమే మన పని."

"మరి పెళ్లివారో, లెల్లా?" అన్నాడు వజ్దీ. పెద్దింటి అమ్మలను అక్కడ గౌరవంగా అలాగే పిలుస్తారు.

"వాళ్లకి నిమ్మకాయ పిండుకోమని చెప్పా."

అప్పట్నుంచీ ఆమె చేతిసంచిలో ఓ ఉప్పు పొట్లం చేరింది.

వజ్దీ ఎంత నవ్వినా, ఆ రోజుల్లో అతని మనసు మనసులో లేదు. చెల్లెలు ఆమ్నా పొద్దున లేడిపిల్లలా తిరిగేది. పొద్దు వాలేసరికి పాదాలు మెలిపడి, గోడ పట్టుకోనిదే అడుగు పడేది కాదు. పుర్రెకు చిన్న రంధ్రం చేసి ముక్క తీసి చూద్దామన్నాడు ఓ పెద్ద డాక్టరు. తల్లి ఆ మాటకే మంచం పట్టింది. వజ్దీ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఒకరోజు శాద్లియా ఎటో చూస్తూ అంది. "నమూనాలు తక్కువయ్యాయి. మీ ఇంట్లో ఎవరైనా రక్తమిస్తారేమో కనుక్కో. ఇష్టమైతేనే సుమా."

వజ్దీ ఇంట్లో అడిగాడు. "సూదేగా అన్నయ్యా, రంపం కాదుగా!" అని ఆమ్నా చెయ్యి చాపింది.

గట్టిగా పనిచేయాల్సిన జన్యువొకటి ఆ రక్తంలో కునుకు తీస్తోంది. అదృష్టం బాగుండి, అది ఆవిరిలో వచ్చే రకం. నరాల డాక్టరు మరో పరీక్షతో ఖాయం చేసుకున్నాడు. మెదడులో తయారు కానిదాని లోటు పూడ్చడానికి చిన్న మాత్ర రాశాడు. రంధ్రం మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఆమ్నా తన చేత్తో వండి శాద్లియాను సాయంత్రం భోజనానికి పిలిచింది. వంటింట్లోంచి గిన్నెల చప్పుడు వినబడుతుంటే వజ్దీ ఉండబట్టలేక అడిగేశాడు.

"నేనెవరికీ చెప్పలేదు లెల్లా. మీకెలా తెలిసింది?"

"పొద్దున తాపీగా వచ్చేవాడివి. పొద్దు వాలితే చాలు, టీ సగంలో వదిలేసి ఇంటికి పరుగు. ఇంట్లో ఎవరికో సాయంత్రాలు బాగోలేదనుకున్నా."

"నన్నే అడగొచ్చుగా?"

"చెప్పాలనిపిస్తే నువ్వే చెప్పేవాడివి. నాకు మూతలు తీయడం గిట్టదని తెలుసుగా."

ఇంతలో ఆమ్నా రవ్వ తెచ్చింది. "చెప్పండి లెల్లా, కింద కూర ఎట్లా కుదిరింది?"

శాద్లియా చిటికెడు నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంది. "దివ్యంగా!"

మంచం దిగిన తల్లి కూడా వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. వడ్డన అయింది. వజ్దీ మొదటి ముద్దకే ఆగిపోయాడు. కూరలో ఉప్పు లేదు. తలెత్తి చూస్తే శాద్లియా లొట్టలేస్తూ తింటోంది. "ఇంకాస్త వెయ్యి తల్లీ!" అని కంచం కూడా చాపింది. అంతలో బల్ల కింద అతని మోకాలికి ఏదో తగిలింది. ఉప్పు పొట్లం.

"చల్లుకుని మీ అమ్మకివ్వు. పిల్ల చూడకుండా," అంది శాద్లియా పెదవి కదపకుండా.

పొట్లం బల్ల కింద ఓ చుట్టు తిరిగి మళ్లీ చేతిసంచిలోకి చేరింది. బయట దీపాలు పెట్టే వేళైంది. ఆమ్నా మాత్రం ఇంకా నిలబడే వడ్డిస్తోంది.