చిన్నబావ చేతికి నప్పిన రాకెట్

ఆ కళ్లజోళ్ల దుకాణంలో ఇద్దరు బావలు ఉన్నారు. యజమాని పెద్దబావ. వెనక గదిలో కూర్చుని కళ్లు పరీక్షించేవాడు, ఫ్రేములకు అద్దాలు బిగించేవాడు, ఎవరైనా తమ కళ్లజోడు మీద తామే కూర్చుని వస్తే దానికి మళ్లీ రూపం తెప్పించేవాడు చిన్నబావ. పెద్దబావ చెల్లెల్ని చేసుకున్నాడు గనక వరస ప్రకారం ఒకరికొకరు బావలే. వయసులో చిన్నబావే ఒక ఏడాది పెద్ద. కాని ఆ దుకాణంలో పెద్దరికం పుట్టిన తేదీని బట్టి రాదు, తాళంచెవులు ఎవరి జేబులో ఉన్నాయో దాన్ని బట్టి వస్తుంది.

చిన్నబావ కాపురం పెద్దబావ ఇంటి పై అంతస్తులో. కింద పెద్దబావ తుమ్మితే పైన చిన్నబావ భార్య, "అన్నయ్యకు జలుబు చేసినట్టుంది" అనేది. దుకాణానికి వెళ్లేది పెద్దబావ కారులో. మధ్యాహ్నం తినేది పెద్దబావ ఎదురుగా. తిరిగొచ్చేది అదే కారులో, అదే సీట్లో, అవే పాటలు వింటూ. రోజు మొత్తం మీద చిన్నబావ సొంత ఆస్తి అని చెప్పదగ్గది పొద్దున్నే ఒక గంట. ఆ గంటలో అతను ఏ ఘనకార్యమూ చేసేవాడు కాదు. డాబా మీద కుర్చీ వేసుకుని కాఫీ తాగుతూ, ఎదురింటి గోడ మీద ఎండ మెల్లగా కిందికి దిగడం చూసేవాడు. ఆ గోడ మీద చూడదగ్గది ఏమీ లేదు. ఎవరూ వచ్చి వాటా అడగకపోవడానికి కారణం కూడా అదే.

అలాంటి గంట మీద ప్యాడెల్ వచ్చి పడింది.

ప్యాడెల్ టెన్నిస్‌కు దగ్గర చుట్టమే గాని ఇరుకింట్లో పెరిగింది. చుట్టూ అద్దాల గోడలు, ఇనప వల, మధ్యన నెట్టు, అటు ఇద్దరు, ఇటు ఇద్దరు. బంతి నేలన పడి వెనక గోడకు కొట్టుకుని వచ్చినా ఆడవలసిందే. బయటికి పోయింది కదా అని ఊపిరి పీల్చుకునే సౌకర్యం అందులో తక్కువ. రాకెట్‌కు తీగల అల్లిక ఉండదు, దళసరి పలకకు నిండా చిల్లులు ఉంటాయి. పిడి చివర ఒక తాడు. దాన్ని మణికట్టుకు తగిలించుకోనిదే ఆడకూడదని నియమం. రాకెట్ చెయ్యి జారి ఎదుటివాళ్ల మొహానికి తగలకుండా ఈ ఏర్పాటు అంటారు. చిన్నబావకు మాత్రం మొదటి రోజు నుంచీ ఆ తాడు ఉద్దేశం వేరేగా తోచింది.

ఫ్రేములు సరఫరా చేసే వ్యాపారి ఆ ఆటలో చేరాడని తెలిసి పెద్దబావ కూడా చేరాడు.

"ఇది జంటగా ఆడే ఆట బావా. జంటకు నమ్మకమైన మనిషి కావాలి" అన్నాడు.

"నాకు ఆటలు రావు బావా. బళ్లో కూడా నేను గట్టు మీద కూర్చుని అందరి చెప్పులకీ కాపలా కాసేవాణ్ణి."

"చూశావా, నమ్మకస్తుడివని అప్పుడే తెలిసింది. రేపు పొద్దున్నే హారన్ కొడతా, దిగి వచ్చెయ్."

రాకెట్లు కూడా పెద్దబావే తెచ్చాడు. వజ్రం ఆకారం, నల్ల రంగు, బరువంతా తలలోనే. ఈ గుణాలన్నీ చూసి ముచ్చటపడి ఒకేలాంటివి రెండు కొన్నాడు. గట్టిగా బాదేవాళ్లకు అది మంచి రాకెటే. చిన్నబావ బాదే రకం కాదు. బంతి వచ్చే వేళకు ఆ తలను పైకి లేపడానికే అతనికి సమయం చాలేది కాదు. లేపేసరికి బంతి వెళ్లిపోయి, వెనక అద్దానికి తగిలి, వీపు మీద తట్టి పలకరించేది.

సోమవారం నుంచి శనివారం దాకా పొద్దుటి గంటలు అలా పోయాయి. ఆదివారం ఒక్కటే మిగిలింది. దాని మీద కూడా పెద్దబావ కన్ను ఉందని చిన్నబావకు తెలుసు.

రెండో నెలలో మోచెయ్యి నొప్పి మొదలైంది. మొదట బట్టలు పిండుతుంటే నొప్పి, తర్వాత తలుపు గడియ తీస్తుంటే నొప్పి. ఒక రోజు ఒక పాప కళ్లజోడుకు మర బిగిస్తుంటే వేళ్లు సన్నగా వణికాయి. గసగసాల గింజంత మర చేతి నుంచి జారి గచ్చు మీద మాయమైంది. చిన్నబావ మోకాళ్ల మీద కూర్చుని దాన్ని వెతుకుతుంటే పాప వాళ్లమ్మ, "మీకూ జోడు అవసరమేమోనండీ" అంది.

నొప్పి సంగతి చిన్నబావ భార్యకు చెప్పాడు. భార్య అన్నయ్యకు చెప్పింది. అన్నయ్య స్వయంగా ఫిజియోథెరపీ ఆవిడ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆ గుమ్మం చిన్నబావ ఎన్నడూ లేనంత ఆశతో తొక్కాడు.

ఆవిడ మోచెయ్యి నొక్కి చూసి, "ఈ ఆట మానెయ్యండి" అంది.

అంతకన్నా మంచి మాట చిన్నబావ పెళ్లయ్యాక వినలేదు.

"మానేది ఎలా కుదురుతుందండీ, జంట కదా" అన్నాడు పెద్దబావ. "ఇంకేదైనా ఉంటే చెప్పండి."

"అయితే రాకెట్ మార్చండి. తేలిక రకం, కాస్త మెత్తటిది, బరువు పిడి వైపు ఉండేది. ఎటు కావాలంటే అటు చెయ్యి సులువుగా తిరగాలి. దానితో తగ్గకపోతే మాత్రం పూర్తిగా ఆపెయ్యాల్సిందే."

అటునుంచే ఆటసామాన్ల కొట్టుకు వెళ్తున్న కారులో పాటలు వస్తుండగా చిన్నబావ ఒక కుట్ర పన్నాడు. జీవితంలో అతనికదే మొదటిది కావడం వల్ల చాలా సాదాగా ఉంది. కొట్లో బరువైన రాకెట్‌నే పట్టుకుని, ఇదే హాయిగా ఉందని చెప్పాలి. నెల తిరక్కుండా మోచెయ్యి మూలపడుతుంది. ఆవిడ చెప్పినట్టు ఆట ఆగిపోతుంది. అంతవరకూ నొప్పి ఓర్చుకోవాలి, మరలు రాలిపోకుండా చూసుకోవాలి. తనకు అన్నం పెట్టే చెయ్యి పూర్తిగా పాడైతే అన్న ఆలోచన కూడా వచ్చింది. దానికి జవాబు దొరక్కముందే కారు ఆగింది.

ఆటసామాన్ల కొట్లో ఒక అమ్మాయి గోడ మీది రాకెట్లు దించి బల్ల మీద పెట్టింది. వజ్రం ఆకారానివి, నీటిబొట్టు ఆకారానివి, గుండ్రటివి. గుండ్రటి దాన్ని చిన్నబావ చేతికిచ్చింది. అది చేతిలో ఉందా లేదా అన్నట్టుంది. మణికట్టు ఎటు తిప్పితే అటు వచ్చింది.

"బాగాలేదు" అన్నాడు చిన్నబావ.

వజ్రాన్ని ఇచ్చింది. మోచెయ్యి చురుక్కుమంది.

"ఆహా, ఇదీ రాకెట్ అంటే."

"నేను చెప్పలా" అన్నాడు పెద్దబావ. "మా బావకి మంచి సరుకు తెలుసమ్మా."

ఆ అమ్మాయి చిన్నబావ మొహంలోకి ఒకసారి చూసింది. "కళ్లు మూసుకోండి సార్. రంగూ ఆకారం చూస్తే మనసు అటే పోతుంది. నేను ఒకటొకటే ఇస్తా, మీరు ఊపి చెప్పండి."

మొదట బరువైనది వచ్చింది. "చాలా బాగుంది" అన్నాడు. తేలికది వచ్చింది. "అస్సలు బాగాలేదు." మూడోది వచ్చింది. ఇదీ తేలికే, హాయిగానే ఉంది. వరసగా రెండింటిని తిట్టిపోస్తే అనుమానం వస్తుందని, "ఇది దానికన్నా చాలా నయం" అన్నాడు.

"ఇందాకటిదే సార్ ఇది. మార్చలేదు."

చిన్నబావ కళ్లు తెరిచాడు.

కళ్లు పరీక్షించేవాళ్ల దగ్గర ఒక ఉపాయం ఉంటుంది. మొహమాటస్తులు ఏ అద్దం పెట్టినా బ్రహ్మాండంగా కనిపిస్తోందంటారు. అప్పుడు తీసిన అద్దాన్నే కొత్తదన్నట్టు మళ్లీ పెట్టి, "ఇప్పుడెలా ఉంది" అని అడగాలి. మాట మారిందా, మనిషి దొరికిపోయినట్టే. ఈ ఉపాయంతో చిన్నబావ ఎంతమందిని పట్టుకున్నాడో లెక్కలేదు. పట్టుకున్నాక అందరికీ చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చేవాడు.

"నన్ను మెప్పించడానికి చెప్పకండి సార్" అంది ఆ అమ్మాయి. "ఆయన్ని మెప్పించడానికీ చెప్పకండి. రేపు నొప్పి పుట్టేది మీకే."

సరిగ్గా అదే ఉపన్యాసం. తలనొప్పి బదులు నొప్పి అంది, అంతే. ఆ మాట అన్నాక కుర్చీలో ఉన్నవాళ్లు తల దించుకుని నిజం చెప్పడం చిన్నబావ ఇన్నేళ్లూ చూస్తూ వచ్చాడు. చెప్పకపోతే ఎలా ఉంటుందో అతను ఎప్పుడూ చూడలేదు.

"ఇదా, అదా?" అంది ఆ అమ్మాయి, ఆలోచించే వ్యవధి ఇవ్వకుండా.

"ఇదే. హాయిగా ఉంది."

ఆ మాట తన నోటి నుంచే బయటికి పోవడం చిన్నబావ విన్నాడు. కాలరు పట్టుకుని దాన్ని వెనక్కి లాగాలనిపించింది. అప్పటికే పెద్దబావ దాన్ని కట్టించేస్తున్నాడు. "మొహమాటపడ్డావా బావా. నా దగ్గర నీకు మొహమాటమేమిటి" అంటున్నాడు, కళ్లలో నిజంగానే తడితో. అదే అన్నిటికన్నా కష్టంగా ఉంది. పెద్దబావ చెడ్డవాడైతే మనసులోనైనా తిట్టుకోవచ్చు.

మర్నాడు అవతల పక్క ఫ్రేముల వ్యాపారి, ఆయన తమ్ముడు. చిన్నబావ తాడు మణికట్టుకు తగిలించుకుని నెట్టు దగ్గర నిలబడ్డాడు. వ్యాపారి ఒక బంతిని నేరుగా అతని పొట్ట మీదికి కొట్టాడు. పాత రాకెట్ అయితే పొట్టే ఆడేది. ఈసారి చెయ్యి తనంతట తాను అడ్డం వెళ్లింది. బంతి పలక మధ్యన మెత్తగా తగిలి, నెట్టుకు అవతల ఎవరూ లేని మూలకు వెళ్లి ఆగిపోయింది. మోచెయ్యి ఏమీ అనలేదు.

"ఓహో" అన్నాడు వ్యాపారి. "ఇన్నాళ్లకి ఈయన రాకెట్ నోరు తెరిచిందండోయ్."

తర్వాత అలాంటివి ఇంకా కొన్ని జరిగాయి. ఒకసారి వెనక అద్దానికి తగిలి వచ్చిన బంతిని, అటు తిరిగి, ఇటు తిరిగి, మళ్లీ అవతలికి పంపాడు. ఆ క్షణంలో చిన్నబావ గుండెలో ఏదో చిన్న గంతు వేసింది. డాబా మీద ఎండను చూస్తున్నప్పుడు కూడా అది అలాగే గంతేసేది. ఆ సంగతి గమనించగానే అతనికి భయం వేసింది. ఇల్లు, కారు, దుకాణం, ఇప్పుడిది. ఇది కూడా పెద్దబావకు తెలిస్తే మధ్యాహ్నం ఎదురుగా కూర్చుని దాని గురించే మాట్లాడుకోవాలి. చెల్లెలికి చెబుతాడు. వచ్చే పోయే ఖాతాదారులకు చెబుతాడు. దీన్నొక్కదాన్ని ఎక్కడైనా దాచుకోవాలి.

ఆట అయింది. పెద్దబావ తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చాడు. "ఎలా ఉంది బావా కొత్త రాకెట్? నిజం చెప్పు."

ఈసారి కళ్లు మూయించేవాళ్లెవరూ లేరు. చిన్నబావ మొహం వీలైనంత చప్పగా పెట్టాడు.

"ఏదో, ఫరవాలేదు."

పెద్దబావ మొహం చిన్నబోయింది. తర్వాత చిన్నబావ భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇంకా చేతికి అలవాటు కాలేదన్నమాట. బెంగపడకు, ఆదివారం కూడా వద్దాం."