మా మునసబుకు నెయ్యి మడ్డి పడలేదు

ఆ పొద్దున పాలవాడు గేటు తట్టినా మా కుక్క మొరగలేదు. వెళ్లి చూస్తే ముందుకాళ్లు నేలకు చాచి, నడుము పైకెత్తి అలాగే ఉండిపోయాడు. ఒళ్లు విరుచుకుంటున్నాడనుకున్నాను. కాసేపటికి పచ్చగా వాంతి చేసుకున్నాడు.

గుమ్మంలో కూర్చుని వచ్చేపోయేవాళ్లని ఆరా తీసినట్టు చూస్తాడని మా ఆయన వాడికి మునసబు అని పేరు పెట్టారు. ఆయన మంగళగిరి చీరల వ్యాపారం చేసేవారు. ఆయన పోయాక పటమటలోని ఈ చిన్న వాటాలో వాడూ నేనూ మిగిలాం.

సాయంత్రానికి నీళ్లు కూడా ముట్టకపోయేసరికి ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరమ్మ పొట్ట నొక్కగానే మూలిగాడు.

"నిన్న ఏం పెట్టారు మామ్మగారూ?"

"నేను తినేదే. నెయ్యి కాచిన గిన్నెలో మడ్డి ఉంటే అందులోనే అన్నం కలిపాను. పారబోస్తామా ఏంటి?"

ఆవిడ నవ్వలేదు. బ్లడ్ టెస్ట్, స్కాన్ చేయించి, "పాంక్రియాటైటిస్ అండీ, క్లోమం వాచింది. అంత కొవ్వు వాడికి పడదు. అలా వంగి నిలబడింది నొప్పికే" అన్నారు. సెలైన్ పెట్టి అక్కడే ఉంచేశారు.

ఇంటికొచ్చి తాళం తీశాను. గుమ్మానికి అడ్డంగా పడుకుంటాడని రోజూ కసిరేదాన్ని. ఆ వేళ కసరడానికి ఎవరూ లేరు.

డిశ్చార్జి చేస్తూ, "ఇక లో ఫ్యాట్ డైటే. తోలు తీసిన చికెన్ ఉత్త నీళ్లలో ఉడికించి, మెత్తటి అన్నంలో కలిపి కొంచెం కొంచెంగా పెట్టండి. నూనె, ఉల్లి, వెల్లుల్లి, మసాలా వద్దు" అని చెప్పారు.

వాడికి వేరే వండుతున్నానని తెలిసి చల్లపల్లి నుంచి మా అమ్మాయి ఫోన్ చేసి, "నాన్నకి కూడా ఎప్పుడూ వేరే వండలేదు కదమ్మా నువ్వు!" అంది.

"మీ నాన్న పచ్చగా వాంతి చేసుకోలేదు" అన్నాను.

అంతా చేస్తే వాడు మూతి తిప్పుకున్నాడు. మర్నాడూ అంతే. ఫోన్ చేస్తే, తినకపోతే మళ్లీ అడ్మిట్ చేయాలన్నారు డాక్టరమ్మ. "తింటావా, గెంటెయ్యనా?" అని అరిచాను. నా గొంతే నాకు వినపడింది.

కాళ్లు లాగుతుంటే నా పెరుగన్నం తెచ్చుకుని వాడి ఎదురుగా నేలమీద కూలబడ్డాను. నేను ముద్ద నోట్లో పెట్టుకోగానే వాడు లేచి తన గిన్నె నాకాడు. మా ఆయన పీట వేసుకుని కూర్చుంటేగానీ వీడు తినేవాడు కాదు. ఆయన పోయాక నేను పొయ్యి దగ్గర నిలబడే ఏదో మింగేస్తున్నాను. రోజూ అన్నంలో వేసే నెయ్యి వాసనకే కాబోలు, ఇన్నాళ్లూ ఒంటరిగా తిన్నాడు.

మధ్యలో పక్కవాటా అమ్మాయి ముద్దొచ్చి బజ్జీ ముక్క విసిరింది. మళ్లీ వాంతులు, మళ్లీ ఇంజెక్షన్లు.

"ఒక్క ముక్కేగా పిన్నిగారూ!"

"ఇంకోసారి ఆ ఒక్క ముక్కా నువ్వే తిను."

ఇప్పుడు తేరుకున్నాడు. పాలవాణ్ణి చూసి మొరుగుతున్నాడు. పూటపూటా ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని తింటాం.

కుక్కను పెంచుకునేవాళ్లకు ఒక్కటే చెబుతాను. గిన్నె పడేసి వెళ్లిపోకండి, తినేదాకా దగ్గర కూర్చోండి. ఎంత తిన్నాడో, ఎంత వదిలాడో చూసేవాళ్లకే జబ్బు ముందుగా తెలుస్తుంది. నేనెంత తిన్నానో చూసేవాడు ఇప్పుడు వాడొక్కడే.