నేను దారి చెప్పిన ఊరు

ఆ ఊళ్లో నేనెప్పుడూ కాలు పెట్టలేదు. కానీ ఏ సందులోంచి ఏ సందులోకి పోవచ్చో అడగండి, చెబుతాను. మా ఆవిడ ఇంగ్లండులో, ఆ ఊరి ముసలివాళ్ల హోమ్‌లో నర్సు. నేను టెక్సస్‌లో, ప్లేనోలో, ఒక ఇండియన్ హోటల్లో వంటవాణ్ణి. నా కాగితాలు తేలేదాకా దేశం దాటొద్దని లాయరు చెప్పాడు. అందుకని రోజూ పొద్దున కూరలు తరిగే ముందు ఫోన్‌లో మ్యాప్ తెరిచి, వీధుల ఫొటోల మీద వేలితో నడుస్తూ ఆ ఊరంతా తిరిగొచ్చేవాణ్ణి. ప్లేనోలో మాత్రం నడవను. ఇక్కడ నడిచేవాణ్ణి చూస్తే కారు చెడిపోయిందేమోనని జాలిపడతారు.

నాకూ భూగోళానికీ పడక ఎనిమిదిలోనే బడి మానేశాను. ఈ ఊరి భూగోళం మాత్రం బట్టీ వచ్చేసింది. ఏరు మూడు వైపులా తిరిగి, మధ్యలో ఒక గుట్టను వదిలిపెట్టింది. ఊరంతా ఆ గుట్ట మీదే. కింద ఒకటే రాతి వంతెన, దాని పక్కన ఒకే గది ఉన్న పాత జైలు. మా హోటల్ స్టోర్‌రూమ్ కంటే కాస్త పెద్దదే. మెయిన్ వీధి ఎక్కితే పైన కార్లు నిలిపే నలుచదరపు మైదానం, దాని నడుమ రాతి స్తంభాల మీద నిలబడ్డ పాత మార్కెట్ హాలు. ఒకప్పుడు కింద వెన్నా జున్నూ అమ్మేవారట, పైన కోర్టు నడిపేవారట. తూకంలో మోసం చేసినవాణ్ణి మెట్లెక్కిస్తే చాలు, జడ్జి రెడీ. హాలు వెనక ధాన్యం వ్యాపారులు కట్టుకున్న భవనం, దాని నెత్తిన గోధుమ కంకుల పన పట్టుకున్న ఆడమనిషి బొమ్మ.

మా ఆవిడకు ఇవేవీ పట్టవు. డ్యూటీ, బస్సు, గది.

“మీ ఊరి జైలు చూశావా?” అని అడిగేవాణ్ణి.

“మీరొచ్చాక చూపిస్తాలెండి, లోపల్నుంచి,” అనేది.

ఒక గురువారం ఫోన్ చేసింది. రెండు గదుల అద్దె ఇల్లు చూసింది. “వంటిల్లు పెద్దదండీ, మీకోసమే” అంది. ఏజెంటు ఆఫీసు ఆ ధాన్యం భవనంలోనే, మేడ మీద. మూడింటికల్లా వెళ్లి సంతకం పెట్టకపోతే ఇల్లు వేరేవాళ్లకి ఇచ్చేస్తారు. బస్సు వంతెన దగ్గర దింపేసరికి అక్కడ రెండూ నలభై, నాకింకా పొద్దున్నే.

“దారి చెప్పండి. ఊరు మీదేగా.”

నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. “మెయిన్ వీధి ఎక్కు. పైన పెద్ద కార్ పార్కింగ్ వస్తుంది. అడ్డంగా దాటెయ్.”

“పార్కింగ్ ఎక్కడండీ? అన్నీ డేరాలు.”

“వేరే ఊళ్లో దిగావేమో చూసుకో.”

“చేపలు, పూలమొక్కలు, చెప్పులు... ఒకటే జనం. ఇవాళ సంతటండీ.”

అది మార్కెట్ టౌన్ అని హోటల్లో అందరికీ గొప్పగా చెప్పినవాణ్ణి నేనే. మా నాన్న సంతల్లో మిరపకాయలమ్మి మమ్మల్ని పెంచాడు. అయినా ఆ ఊరికి సంత ఉంటుందని నాకు తట్టలేదు. మ్యాప్ కోసం వీధుల ఫొటోలు తీసిన కారు ఏదో ఖాళీ రోజున పోయినట్టుంది. నేను తిరిగే ఊళ్లో ఎప్పుడూ ఎవరూ ఏమీ అమ్మరు.

“స్తంభాలు కనిపిస్తున్నాయా?”

“గుడ్డలే కనిపిస్తున్నాయి.”

“తల పైకెత్తి చూడు, గోధుమ పన పట్టుకుని...”

“ఉండండి,” అని, ఎవరినో ఇంగ్లీషులో అడిగింది. తన నోట నేనెప్పుడూ వినని యాస. అవతల మగగొంతు ఏదో అంది, ఇద్దరూ నవ్వారు. రెండు నిమిషాల్లో మెట్లెక్కుతున్న చప్పుడు వినిపించింది.

కాసేపటికి మెల్లగా అంది. “ఇంట్లో ఉండబోయే పెద్దవాళ్లందరి వీసాలూ చూపించాలట. మీరెప్పుడొస్తారని చెప్పను?”

మ్యాప్ మూసేశాను.

“నీ ఒక్కదాని పేరే రాయించు.”

“లాయరు ఏమన్నాడు?”

“ఇంకో ఏడాది పైనే పడుతుందన్నాడు.”

“ఎప్పుడన్నాడు?”

“పోయినవారం.”

“పోయినవారమా,” అంది. “సరే, ఫోన్ పెట్టేయండి.”

నాకు మధ్యాహ్నమయ్యాక మెసేజ్ వచ్చింది. ఆ ఇల్లు వదిలేసిందట. అదే ఏజెంటు దగ్గర ఒక గది ఫ్లాట్ ఉంటే తీసుకుందట. వంటిల్లు ఎలా ఉందో తను రాయలేదు, నేను అడగలేదు.

ఆ తర్వాత మ్యాప్ తెరవలేదు. గురువారం సెలవు దొరికితే సంతలోంచి తనే ఫోన్ చేస్తుంది. ఏ డేరా ఎక్కడికి మారిందో, చేపలతను ఏమన్నాడో చెబుతుంది. నేను వింటాను. మధ్యలో ఏదైనా అందామనుకుంటాను కానీ, ఆ ఊరి గురించి నాకేం తెలుసని?